తొమ్మిదేళ్ల పాప ప్రతిదానికీ నా ముఖం చూస్తోంది: ఫోను తగ్గిస్తే సరిపోతుందా?

ప్రశ్న: ఇద్దరు పిల్లల తల్లి, విజయనగరం

అందరికీ నమస్కారం. మేము విజయనగరంలో అయ్యకోనేరుకు దగ్గరలో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉంటున్నాం. పాపకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి చదువుతోంది. బాబుకు మూడున్నరేళ్లు. నేనూ మా వారూ ఉద్యోగాలు చేస్తున్నాం కాబట్టి, పిల్లలు బడి నుంచి వచ్చినప్పటి నుంచి మేము ఇల్లు చేరే ఆరున్నర వరకు మా అత్తయ్యగారే చూసుకుంటారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగలేరు. అందువల్ల ఆ రెండున్నర గంటలూ పిల్లల చేతిలో ఫోను ఉంటుంది. బాబుకు అన్నం పెట్టేటప్పుడు కూడా ఫోను కావలసిందే. "ఫోను లేకపోతే గుంటడు ముద్ద ముట్టడమ్మా" అంటారు అత్తయ్యగారు, అది అబద్ధమూ కాదు.

అయితే నన్ను ఈ ప్రశ్న రాయించింది ఫోను ఒక్కటే కాదు. పోయిన నెల బొబ్బిలిలో బంధువుల పెళ్లికి వెళ్లాం. బంతిలో కూర్చున్న పాపను వడ్డించే ఆయన "పులిహోర వెయ్యమంటావా తల్లీ?" అని అడిగితే, అది జవాబు చెప్పకుండా నా ముఖం చూసింది. నేను తల ఊపాకే విస్తరి ముందుకు జరిపింది. పులిహోర దానికి చాలా ఇష్టం. ఆ రోజు నుంచి గమనిస్తే అన్ని చోట్లా ఇదే. వీధి చివరి దుకాణంలో పెన్సిల్ అడగదు, నా చెవిలో చెప్పి నా చేత అడిగిస్తుంది. లెక్క సరిగ్గానే చేస్తుందట, కానీ ప్రతి లెక్కకూ ముందు "ఇలాగే చెయ్యమంటారా టీచర్?" అని అడుగుతుందని బడిలో చెప్పారు. ఫోను చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఎవరినీ అడగదు. ఏం చూడాలో ఆ ఫోనే చూపిస్తుంది కదా.

తప్పు మా వైపు కూడా ఉందని నాకు తెలుసు. ఏ గౌను వేసుకోవాలో, ఏ పక్క పాపిడి తీయాలో ఇప్పటికీ నేనే చెబుతున్నాను. నా సందేహం ఏమిటంటే, ఈ ఫోను అలవాటూ ఈ బెరుకూ ఒకటేనా, రెండు వేరువేరు సంగతులా? ఫోను తగ్గిస్తే రెండోది దానంతటదే సర్దుకుంటుందా? పిల్లలను పెంచిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.


జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, నరసన్నపేట

అమ్మా, మీ పాప పులిహోర సంగతి చదివి నేను చాలాసేపు ఆలోచించాను. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ముప్పై నాలుగేళ్లు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేశాను. మీరు చెప్పినలాంటి పిల్లలు ఫోన్లు రాక ముందూ ఉండేవారు. కాబట్టి ఫోను తీసేస్తే బెరుకు పోతుందని నేను అనను. తనదంటూ ఒక పని, తనదంటూ ఒక మాట లేని పిల్ల చేతికి ఏది వచ్చినా దాన్నే పట్టుకుంటుంది. నేటి ఇళ్లలో ముందుగా చేతికి వచ్చేది ఫోను.

ఒక అనుభవం చెబుతాను. వంశధార ఒడ్డున ఉన్న ఒక ఊరి బడిలో మూడో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, పక్కవాడు లేస్తే లేచేవాడు, పక్కవాడు రాస్తే రాసేవాడు. నేను వాడికి గంట కొట్టే పని అప్పగించాను. మొదటి రోజు పది నిమిషాలు ఆలస్యంగా కొట్టాడు. రెండో రోజూ అంతే. మూడో రోజు మధ్యాహ్న భోజనం గంట కొట్టకపోయేసరికి ఆకలి మీద ఉన్న పిల్లలందరూ వాడి చుట్టూ చేరి నిలదీశారు. అప్పుడు వాడు నోరు విప్పి, గోడ గడియారంలో ముళ్లు చూసి టైము చెప్పడం తనకు రాదని అన్నాడు. నాకు తల తిరిగినంత పనైంది. గడియారం పాఠం చెప్పింది నేనే, ఆ పాఠం మీద పరీక్ష పెట్టి వాడికి మార్కులు వేసిందీ నేనే. పక్కవాడిని చూసి నెట్టుకొచ్చినన్నాళ్లూ వాడికి ఏం రాదో వాడికీ పట్టలేదు, నాకూ తెలియలేదు. తన ఒక్కడి మీద ఆధారపడిన పని వచ్చాకే అది బయటపడింది. వారం రోజుల్లో వాడు గడియారం నేర్చుకున్నాడు, నేర్పింది నేను కాదు, అయిదో తరగతి అమ్మాయి ఒకతె.

ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త 1977లో దీని గురించే రాశారు. "ఈ పని నేను చేయగలను" అన్న నమ్మకం మనిషికి ఎక్కడి నుంచి వస్తుందన్నది ఆయన ప్రశ్న. ఇతరులు చేయగా చూడటం వల్ల కొంత, పక్కవారు ధైర్యం చెప్పడం వల్ల కొంత వస్తుంది కానీ, అన్నిటికంటే బలంగా తానే చేసి నెగ్గిన అనుభవం వల్ల వస్తుందని ఆయన తేల్చారు. మీరు పాపతో రోజుకు వందసార్లు "భయపడకు" అన్నా రాని ధైర్యం, ఆ దుకాణంలో ఒక్కసారి పెన్సిల్ అడిగి తెచ్చుకుంటే వస్తుంది.

అందుకని ఇంట్లో ఒక పనిని మొదటి నుంచి చివరి వరకు పాపకే వదిలేయండి. "కూర తరగడంలో సాయం చెయ్యి" అంటే అది మీ పని, పాప సాయం మాత్రమే. వారానికి ఒక పూట కూర ఏం వండాలో పాప నిర్ణయించాలి, మీతోపాటు రైతు బజారుకు వచ్చి తానే బేరం అడగాలి, తానే ఏరుకోవాలి, డబ్బులు తానే ఇచ్చి చిల్లర లెక్క చూసుకోవాలి. ముదిరిపోయిన బెండకాయలు ఏరుకుంటే ఆ రోజు ఇంటిల్లిపాదీ ఆ బెండకాయలే తినండి. ఏమీ అనకండి. కాయ కొన విరిచి చూడాలన్న సంగతి మర్నాడు పాపే ఎవరినో ఒకరిని అడిగి తెలుసుకుంటుంది. మడత పెట్టమన్న బట్టలు వంకరగా ఉన్నాయని, పాప అటు వెళ్లగానే మళ్లీ మడత పెట్టడం మన ఇళ్లలో తల్లులందరూ చేసే పని. దాన్ని మాత్రం మానేయండి, పిల్లలు అది చూస్తారు.

మెచ్చుకోలు గురించి కూడా ఒక మాట. క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకులు 1998లో అయిదో తరగతి పిల్లల మీద చేసిన ప్రయోగాలను ప్రచురించారు. బొమ్మల చిక్కు ప్రశ్నలు చేశాక కొందరిని "నువ్వు తెలివైనదానివి" అని, కొందరిని "బాగా కష్టపడ్డావు" అని మెచ్చుకున్నారు. తరువాత కష్టమైన చిక్కు ప్రశ్నలు ఇచ్చి తప్పులు వచ్చేలా చేసినప్పుడు, తెలివైనవారన్న పేరు వచ్చిన పిల్లలే త్వరగా వెనక్కి తగ్గారు. పేరు నిలబెట్టుకోవాలన్న భయం ఉన్న పిల్ల ప్రతి లెక్కకూ ముందు "ఇలాగే చెయ్యమంటారా?" అని అడగడంలో వింత లేదు. మీ ఇంట్లో పాపకు అటువంటి పేరు ఏదైనా ఉందేమో ఒకసారి ఆలోచించండి.

చివరిది, అన్నిటికంటే కష్టమైనది. "నువ్వేమంటావు?" అని పాపను అడిగాక, ఆగండి. మనం అడుగుతాం, రెండు క్షణాలు చూసి జవాబు కూడా మనమే చెప్పేస్తాం. మౌనం ఎంతసేపైనా ఆగండి. ఆ వచ్చిన జవాబు మీకు నచ్చనిది అయినప్పుడు దాన్ని ఎదురుచెప్పడం కింద జమకట్టకండి. ఇంట్లో కాదనడం రాని పిల్ల బయట ఎవరినీ కాదనలేదు, ఆడపిల్లకు ఆ మాట రావడం ఎంత అవసరమో నేను మీకు చెప్పనక్కరలేదు.


జవాబు: శిశువైద్యురాలు, శ్రీకాకుళం

మాస్టారు పాప గురించి చెప్పారు కాబట్టి నేను బాబు గురించి రాస్తాను. నా దగ్గరకు వచ్చే తల్లుల్లో రోజుకు ఒకరైనా "ఫోను చూపిస్తేనే తింటాడు" అంటారు.

భారత శిశువైద్యుల అకాడమీ 2022లో ప్రచురించిన మార్గదర్శకాల ప్రకారం రెండేళ్ల లోపు పిల్లలకు ఏ రకమైన తెరా చూపకూడదు, దూరాన ఉన్న బంధువులతో ఎప్పుడైనా చేసే వీడియో కాల్ ఒక్కటే మినహాయింపు. రెండు నుంచి అయిదేళ్ల వరకు రోజుకు గంట మించకూడదు, అయిదు నుంచి పదేళ్ల వరకు రెండు గంటల లోపే ఉండాలి. అయిదేళ్ల లోపు పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదీ ఇంచుమించు ఇదే, అయితే వారు తెరతోపాటు మిగతా రోజు ఎలా గడవాలో కూడా చెప్పారు: మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం మూడు గంటలు ఒళ్లు కదిలేలా ఆడాలి, అందులో ఒక గంట ఆయాసం వచ్చేంత జోరుగా ఉండాలి, పది నుంచి పదమూడు గంటలు నిద్రపోవాలి. నేను తల్లిదండ్రులకు ఈ రెండో భాగమే ముందు చెబుతాను. ఆటకూ నిద్రకూ ఇవ్వాల్సిన గంటలు ఇస్తే తెరకు మిగిలేది ఎలాగూ తక్కువ.

భోజనం దగ్గర తెర ఎందుకు వద్దంటామంటే, పిల్లవాడికి తన కడుపు నిండిన సంగతి తనకు తెలియాలి. చూపు బొమ్మల మీద ఉన్నప్పుడు నోరు దానంతటదే తెరుచుకుంటుంది, ఎంత తిన్నాడో, ఏం తిన్నాడో వాడికి పట్టదు. మీ పాప విషయంలో మీరు బాధపడుతున్నది "తనకు ఏం కావాలో తనకు తెలియడం లేదు" అని కదా. బాబు విషయంలో అది ముద్ద దగ్గరే మొదలైంది. వాడిని పీట మీద కూర్చోబెట్టి, చిన్న కంచంలో కొంచెమే పెట్టి, వాడి చేతితో వాడినే తిననివ్వండి. ఒళ్లంతా పూసుకుంటాడు, నేలంతా చిమ్ముతాడు, పరవాలేదు. ఆరోగ్యంగా, వయసుకు తగ్గ బరువు ఉన్న పిల్లవాడు ఒక పూట సరిగ్గా తినకపోతే ప్రమాదం లేదు, తరువాతి పూట ఆకలే వాడిని కంచం దగ్గరకు తీసుకొస్తుంది. మొదటి నాలుగైదు రోజులు ఏడుపు తప్పదు. బరువు పెరగని పిల్లవాడైతే మాత్రం ఈ ప్రయత్నానికి ముందే వైద్యులకు చూపించాలి.

అన్నీ ఒకేరోజు మార్చవద్దు. మొదట భోజనం దగ్గర, అది కుదిరాక పడుకునే ముందు గంటసేపు ఫోను మానిపించండి. రాత్రిపూట తెర వెలుతురు నిద్రను తెచ్చే మెలటోనిన్ అనే హార్మోను ఊరడాన్ని ఆలస్యం చేస్తుంది, నిద్ర చాలని పిల్లలు మర్నాడు పెట్టే పేచీకి మళ్లీ ఫోనే మందవుతుంది. ఇంకొక మాట: మూడున్నరేళ్ల బాబు చిన్న చిన్న వాక్యాలతో మాట్లాడుతూ, ఆ మాటలు కొత్తవారికి కూడా చాలావరకు అర్థమయ్యేలా ఉండాలి. అలా లేకపోతే తప్పంతా ఫోను మీద వేసి ఊరుకోకుండా వినికిడి పరీక్ష చేయించండి.

పాపకు కంటి పరీక్ష చేయించారా? పిల్లల్లో దూరపు చూపు తగ్గడాన్ని ఆరుబయటి వెలుతురు కొంతవరకు అడ్డుకుంటుందని చాలా పరిశోధనల్లో తేలింది. తైవాన్‌లో బడి పిల్లలను రోజుకు రెండు గంటలు ఆరుబయట ఉంచే కార్యక్రమాన్ని 2010లోనే మొదలుపెట్టారు.

మీ అత్తయ్యగారిని దయచేసి ఏమీ అనకండి. మోకాళ్ల నొప్పులతో మూడో అంతస్తులో ఇద్దరు పిల్లలను పట్టుకోవడం మాటలు కాదు. ఆవిడకు మీరు ఫోను బదులు వేరే ఏదైనా ఇవ్వాలి. చింతపిక్కలు, గవ్వలు, వామనగుంటల పీట వంటివి కూర్చుని ఆడే ఆటలే. ఆవిడకు వాటిలో మనందరికంటే ఎక్కువ వచ్చి ఉంటుంది. బాబుకు చింతపిక్కలు మాత్రం పెద్దవారు పక్కనే ఉన్నప్పుడే ఇవ్వాలి, ముక్కులోనో చెవిలోనో పెట్టుకుని మా దగ్గరకు వచ్చే పిల్లలు తక్కువేమీ కాదు.


జవాబు: కొబ్బరి రైతు, ఉద్దానం

నేను చదువుకున్నది ఇంటర్మీడియట్ వరకే, కానీ ఈ విషయంలో నేను చేసిన తప్పు ఇంకొకరు చేయకూడదని రాస్తున్నాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా ప్రాంతం మీద పడింది. అప్పుడు మా పెద్దవాడికి ఏడేళ్లు. కొబ్బరి, జీడి, పనస అన్నీ నేలకొరిగాయి. కరెంటు లేదు, టవర్లు పడిపోయాయి, ఫోను పనికిరాని వస్తువైంది. ఆ రోజుల్లో మా వాడు ఏం చేశాడో చెబుతాను. జనరేటరు పెట్టి బోరు నడిపిన ఇంటి దగ్గర వరుసలో నిలబడి చిన్న బిందెతో నీళ్లు తెచ్చాడు. నష్టపరిహారం కోసం చెట్లు లెక్క రాయాల్సి వస్తే, నాతోపాటు తోటంతా తిరిగి తన నోటు పుస్తకంలో గీతలు గీశాడు. నేను నలభై ఒకటి అన్నాను, వాడు నలభై మూడు అన్నాడు. మళ్లీ లెక్కపెడితే వాడిదే సరి. నేను ఆ తుపానును మెచ్చుకోవడం లేదు. ముప్పై ఏళ్ల చెట్లు పోగొట్టుకున్నవాడిని, అది నా నోట ఎప్పటికీ రాదు. కానీ ఏడేళ్ల పిల్లవాడికి అంత చేతనవుతుందని నాకు ఆ నెలలోనే తెలిసింది.

తరువాత కరెంటు వచ్చింది, టవరు లేచింది. మేము పనులన్నీ మళ్లీ మా చేతుల్లోకి తీసుకున్నాం, వాడి చేతికి ఫోను వచ్చింది. వాడికి పదకొండేళ్లు వచ్చేసరికి రోజంతా అదే. ఒకరోజు కోపంతో లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. రెండు నెలలు మా ఇంట్లో ఫోను సమస్య లేదనుకున్నాను. వాడు స్నేహితుడి ఇంటికి చదువుకోవడానికని చెప్పి వెళ్లి అక్కడ చూస్తున్నాడని తరువాత తెలిసింది. ఫోను పోలేదు, దానికి అబద్ధం తోడైంది.

నేను కొట్టబోతే వాడు అన్నమాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "నువ్వు అన్నం తింటూ చూడలేదా నాన్నా?" నిజమే, కొబ్బరి ధరలని, వార్తలని నేనూ చూస్తూనే తింటాను. ఆ మాటకు చెయ్యి దిగిపోయింది. మర్నాడు ముగ్గురమూ కూర్చుని మాట్లాడుకున్నాం. రాత్రి ఏడున్నర నుంచి అందరి ఫోన్లూ దేవుడి గూటి పక్కన పెట్టాలన్నది వాడు చెప్పిన నియమం, నేను చెప్పింది కాదు. నేనే నాలుగుసార్లు తప్పాను, వాడు పట్టుకుని చెప్పాడు. మాస్టారు పైన రాసిన "కాదనడం" అంటే మా ఇంట్లో ఇలా మొదలైంది. ఇప్పటికీ ఆదివారాలు ఎక్కువే చూస్తాడు, దాన్ని దాచను.


జవాబు: ఇద్దరు ఆడపిల్లల తల్లి, రాజాం

మాస్టారి మాటలు చాలా బాగున్నాయి. అయితే "దుకాణానికి పంపండి, బజారుకు పంపండి" అని రాయడం తేలిక, ఆటోలూ బైకులూ దూసుకుపోయే రోడ్డు మీదకు తొమ్మిదేళ్ల ఆడపిల్లను పంపే తల్లి గుండె ఎలా కొట్టుకుంటుందో కూడా మాట్లాడుకోవాలి. అబ్బాయి అయితే ఇదే వయసులో సైకిలు మీద ఊరంతా తిరుగుతాడు, ఎవరూ ఏమీ అనరు. మన ఆడపిల్లలు ఫోనుకు అతుక్కుపోతున్నారంటే, బయట వారికి మనం చోటు ఇవ్వకపోవడం కూడా ఒక కారణమని నేను నమ్ముతున్నాను.

2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి మన శ్రీకాకుళం జిల్లా పల్లెలో పెరిగిన అమ్మాయే. మన దేశానికి ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి మహిళ ఆవిడే. ఆడపిల్ల బరువులు ఎత్తడమేమిటని ఆ ఇంట్లోవారు తలుపు వేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

మా అమ్మాయి విషయంలో నేను మెట్లుమెట్లుగా వెళ్లాను. మొదట మా భవనంలోనే కింది అంతస్తువారికి గిన్నె ఇచ్చి రమ్మన్నాను. తరువాత రోడ్డు దాటనక్కరలేని దుకాణానికి పంపి, నేను ఇరవై అడుగులు వెనక నిలబడ్డాను, పక్కకు మాత్రం వెళ్లలేదు. మూడోసారికి "నువ్వు ఇంట్లోనే ఉండమ్మా" అంది. తోవలో ఎవరైనా పిలిస్తే ఏం చేయాలో, ఎవరి ఇంట్లోకి వెళ్లవచ్చో, నా ఫోను నంబరు కంఠతా ఎలా చెప్పాలో ముందే ఇంట్లో ఆడించి చూపించాను. రోడ్డు దాటడం మాత్రం పదేళ్లు దాటాకే వదిలాను, ఆ విషయంలో నన్ను ఎవరు పిరికిది అన్నా పట్టించుకోను.


జవాబు: ప్రశ్న అడిగిన తల్లి, విజయనగరం

మీ అందరి జవాబులూ మా వారికీ అత్తయ్యగారికీ చదివి వినిపించాను. మూడు వారాలైంది, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

బాబు మొదటి అయిదు రోజులు నరకం చూపించాడు. ఆరో రోజు సాయంత్రం అత్తయ్యగారు కంది పప్పూ నెయ్యీ కలిపి ముద్దలు కంచంలో పెట్టి, వాటికి కాకి ముద్ద, పిచ్చుక ముద్ద అని పేర్లు పెట్టారట, కాకి ముద్ద వాడే తీసుకుని తిన్నాడు. ఇప్పుడు రాత్రి భోజనానికి ఫోను లేదు. మధ్యాహ్నం ఇంకా ఉంది. అత్తయ్యగారి ఓపిక అయిపోయిన రోజు ఉంటుంది, నేను అడగడం లేదు. బాబు మాటలు మాత్రం డాక్టరుగారు చెప్పినట్టే స్పష్టంగా ఉన్నాయి.

మాస్టారూ, పాపకు మా ఇంట్లో "క్లాస్ ఫస్ట్" అని పేరు. వాళ్ల తాతయ్య పెట్టారు. వచ్చిన బంధువులందరి ముందూ అలాగే పిలుస్తాం. అది ఇన్నాళ్లూ ముద్దు పేరనే అనుకున్నాను.

మొన్న ఆదివారం రైతు బజారులో వంకాయలు తానే ఏరుకుంది. అరకిలో ధర అడగడానికి ఆ అవ్వ ముందు నిలబడి ఎంతసేపు నసిగిందో, వెనక నిలబడ్డ నాకు మాత్రమే తెలుసు. రెండుసార్లు నోటి దాకా వచ్చిన మాటను మింగుకున్నాను. అవ్వే "ఏటమ్మా, ఏం కావాల?" అని అడిగింది. పాప వెనక్కి తిరిగి నా వైపు చూసింది. నేను పక్క కొట్టులో ఉల్లిపాయలు చూస్తున్నట్టు నిలబడ్డాను. అప్పుడు అడిగింది. ఇంటికి వచ్చి తరిగితే నాలుగింటిలో పుచ్చు ఉంది. మిగిలినవాటితో కూర చేశాం, తక్కువ వచ్చింది, నేనూ మా వారూ పచ్చడి వేసుకున్నాం. రాత్రి పడుకోబోతూ, పుచ్చు వంకాయకు బయట చిన్న రంధ్రం ఉంటుందని నానమ్మ చెప్పిందని, వచ్చే ఆదివారం చూసి ఏరుతానని అంది. వంకాయలు వద్దు, వేరే కూర తీసుకుందామన్నాను. "వద్దు, వంకాయలే" అంది.